ఎవరి మేకలు?

2011లో, ఎం.ఏ. పూర్తయి పిహెచ్‌డి సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో రిపోర్టులు రాసే ఉద్యోగం చేశాను. ఆడవాళ్లు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాసి విదేశీ దాతలకు పంపడం నా పని. నారాయణపేట వైపు ఒక ఊళ్లో 20 మందికి తలా రెండు మేకలు కొనివ్వడానికి ఏదో దేశం నుంచి లక్షా యాభై వేల రూపాయలు వచ్చాయి. ఏడాది తిరిగాక ఎన్ని మేకలు ఎన్నయ్యాయో లెక్క, నాలుగు ఫోటోలు, ఒక ‘విజయగాథ’ పంపాలి.

విజయగాథ కోసం ఎంచుకున్న అక్క ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో మూడు మేకలున్నాయి. ఫోటో తీశాను. బయల్దేరుతుంటే పక్కింటి పిల్లవాడొచ్చి వాటిని తోలుకుపోయాడు. ఆమె తల దించుకుంది.

“మావి అమ్మేసిన బిడ్డా. పిల్ల ఇంటర్ ఫీజు కట్టిన. లేకుంటే పెండ్లి చెయ్యాలని ఇంట్ల ఒకటే లొల్లి” అంది. కాసేపాగి మెల్లగా అడిగింది: “పైసలు వాపస్ అడుగుతరా?”

ఎవరూ అడగరని చెప్పాను. రిపోర్టులో మాత్రం ఆమెకు మూడు మేకలున్నాయనే రాశాను. అమ్మేసిందని రాస్తే ‘లక్ష్యం నెరవేరలేదు’ అన్న గడిలోకి పోతుంది. వచ్చే ఏడాది ఆ ఊరికి గ్రాంటు రాకపోవచ్చు. ఆ భయం ఆమెది, సంస్థది, నాది కూడా. నా జీతం వచ్చేదీ అలాంటి గ్రాంటుల్లోంచే. ఒక ఆడపిల్ల పెళ్లి ఆగి చదువు సాగింది. ఆ డబ్బుతో ఆ ఊళ్లో జరిగిన మంచి పనుల్లో బహుశా అదే పెద్దది. నేను దాచింది దాన్నే.

సాయం పొందిన మనిషి ఆ సాయం గురించి నిజం ఎందుకు చెప్పలేకపోయింది? ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఇచ్చిపుచ్చుకోవడంలో లెక్కలుండటం మన ఊళ్లకు కొత్తేమీ కాదు. నల్లగొండలో మా అమ్మ బీరువాలో మా అక్క పెళ్లినాటి కట్నాల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎవరు ఎంత రాయించారో చూసుకుని, వాళ్లింట్లో పెళ్లికి ఇంకో వంద కలిపి రాయిస్తుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం, ఈ మూడూ కలిస్తేనే కానుక అని ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో చెప్పిన మాట మా అమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తిరిగివ్వలేని చోట పుచ్చుకున్నవాళ్లు చిన్నబోతారని కూడా ఆమెకు తెలుసు.

మరి దేశం దాటి వచ్చిన మేకలకు ఆ అక్క ఏం తిరిగివ్వగలదు? ఆమె దగ్గర ఉన్నది తన కథ ఒక్కటే. మొగుడు బొంబాయి వలసపోయిన సంగతి, అప్పుల సంగతి, ఇప్పుడు మేకలొచ్చి బాగుపడిన సంగతి. ఆ కథ దాతకు నచ్చేలా ఉండాలి. కట్నాల పుస్తకాన్ని ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ చదవగలరు. నా రిపోర్టు ఆమె చదవలేని భాషలో ఉంది. మొత్తం ఎంత డబ్బు వచ్చిందో ఆ 20 మందిలో ఎవరికీ తెలియదు. ఆమె మేకల లెక్క మేమడిగాం. మా లెక్క అడిగే వీలు ఆమెకు ఇవ్వలేదు.

దానం అనే మాటతో మా జిల్లాకు పాత సంబంధం ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావే ముందు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. అప్పటికి కొన్నేళ్లుగా ఆ చుట్టుపక్కలే దున్నేవాళ్లు భూమిని హక్కుగా అడుగుతూ సాయుధంగా పోరాడుతున్నారు. హక్కుగా అడిగితే మిలటరీ వచ్చింది, దానంగా అడిగితే భూమి వచ్చింది. ఆ భూమి తీసుకున్నవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ దాత పేరు చరిత్రలో నిలిచింది. అడిగినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

అదే పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. దాన్ని నేను పిహెచ్‌డి రోజుల్లో చదువుతూ చాలాచోట్ల ఆగిపోయాను. అక్కడ కూడా చదువుకున్న స్త్రీలు వెళ్లి కథలు అడిగారు. కానీ అందులో మాట్లాడిన స్త్రీలకు తమ పార్టీ మీద కోపాన్ని, పోరాటం తర్వాత ఇళ్లకు పొమ్మన్నప్పటి బాధను చెప్పుకునే చోటు దొరికింది. కథ మంచిగా ముగియాల్సిన పని లేదు. మా విజయగాథల్లో ఆ చోటు లేదు.

అయితే గ్రాంటులే వద్దందామా? అనలేను. లక్షా యాభై వేలు ఒక ఊళ్లో ఏం చేయగలవో చూశాను. డబ్బు వచ్చే దారిని బట్టి నిజం చెప్పే వీలు మారుతుందన్నదే నా మాట. 1982లో మొదలైన డ్వాక్రాలో ఒక్కో సంఘానికి తొలి రోజుల్లో ఇచ్చిన 15 వేల రివాల్వింగ్ ఫండ్‌లో కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ తలా ఐదు వేలు వేసుకున్నాయి. ఆ డబ్బు సంఘంలోనే తిరగాలి. లెక్క తప్పితే అడిగేది పక్కనే కూర్చున్న ఆడమనిషి. దాన్నీ తర్వాత టార్గెట్లు, బ్యాంకు అప్పులు మింగాయి, అది వేరే కథ. 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో డచ్చి సాయంతో మొదలైన మహిళా సమత అసలు వస్తువులే పంచనంది. “మీరేమిస్తరు?” అని అడిగినవాళ్లతో, కూర్చుని మాట్లాడుకుందాం అంది. లెక్కపెట్టడానికి మేకలే లేవు కాబట్టి ఎరువు మేకలు తేవాల్సిన పనీ లేదు. కానీ 2016లో కేంద్రం నిధులు ఆపేసినప్పుడు ఆ సంఘాలను అడిగి ఆపలేదు.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. హైదరాబాదులోని పెద్ద సంస్థ ద్వారా పాలమూరు పల్లెలోని చిన్న సంస్థకు డబ్బు చేరే దారి దీంతో మూసుకుపోయింది. పారదర్శకత కోసమే అన్నారు. డబ్బు గోల్‌మాల్ జరగదని నేననను. కానీ లెక్కలన్నీ పైకే పోతున్నాయి, దాతకు, ఢిల్లీకి. ఎవరి పేరు మీద డబ్బు వచ్చిందో వాళ్లకు లెక్క చెప్పాలన్న నియమం నాకెక్కడా కనపడలేదు.

పోయిన ఏడాది ఆ ఊరు మళ్లీ వెళ్లాను. ఇప్పుడది నారాయణపేట జిల్లా. అక్క కూతురు హైదరాబాదులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తోంది. నా దగ్గర మిగిలిన రిపోర్టు కాపీని తెలుగులో చదివి వినిపించాను. మేకల దగ్గరికి రాగానే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“పిల్ల ఫీజు సంగతి రాయలేదా?”

“లేదక్కా.”

“గదే రాయాల్సుండె.”

ఇప్పుడు రాస్తానన్నాను. నీ పేరు పెట్టనా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

“వద్దు బిడ్డా. ఆ మేకలిచ్చినోళ్లకు తెలుస్తది” అంది.