పసివాని కన్ను – పెద్దల జాలి

ఏడ్చే బిడ్డను ఊరడించడం ధర్మమా అని అడిగితే కాదనేవారుండరు. కాని ఆ ఏడుపు మాన్పినందువలననే బిడ్డకు జీవితాంతం కీడు కలిగేటట్లయితే, దానిని జాలి అనవచ్చునా? పసిపిల్లల కంటి లోపాల విషయంలో పెద్దలు ఎదుర్కొనవలసిన ప్రశ్న ఇదే.

ఒక వర్తకుని ఇల్లు తీసుకోండి. ఇంట్లో మూడేళ్ళ మనుమరాలు ఉన్నది. బొమ్మ చూడవలసి వస్తే తల ఒక పక్కకు వంచుతుంది. ఒక కన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. మెల్లకన్ను అదృష్టమని ఇరుగుపొరుగు వారంటే నాయనమ్మ మురిసిపోతుంది. చివరకు వైద్యుడు పరీక్షించి, కళ్ళజోడు పెట్టమని, బాగున్న కంటిని రోజుకు కొన్ని గంటలు పట్టీతో మూయమని చెబుతాడు. పట్టీ వేయగానే పిల్ల గోల పెడుతుంది, గోడలు తడుముకుంటుంది. నాయనమ్మ మనసు కరిగి పట్టీ పీకివేస్తుంది. "చక్కగా కనబడే కన్ను మూసి పిల్లను గుడ్డిదాన్ని చేస్తావట్రా?" అని కొడుకును నిలదీస్తుంది. "ఆడపిల్లకు అప్పుడే కళ్ళజోడేమిటి? రేపు సంబంధం చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని తాతగారు గొణుగుతారు. పిల్లపై ప్రేమ లేనివారు ఆ ఇంట ఒక్కరూ లేరు. అయినా నష్టం జరిగేది పిల్లకే.

ఆ నష్టం ఎట్టిదో తెలియవలె. బిడ్డ పుట్టుకతోనే పూర్తి చూపు రాదు. కంటి నుండి వచ్చే రూపాన్ని గుర్తించడం మెదడు నేర్చుకోవాలి. ఆ నేర్పు మొదటి ఏడెనిమిదేళ్ళలోనే చాలవరకు స్థిరపడుతుంది. ఒక కంటికి మెల్ల ఉన్నా, రెండు కళ్ళ నంబర్లలో ఎక్కువ తేడా ఉన్నా, ఒక కంటిలో పొర ఉన్నా, మెదడు స్పష్టంగా చూపే కంటినే నమ్మి రెండవదాని వార్తను తోసివేస్తుంది. వైద్యులు దీనిని ఆంబ్లియోపియా అంటారు. బాగున్న కంటిని మూస్తే, గత్యంతరం లేక మెదడు రెండవ కంటి వైపు తిరుగుతుంది. లోపం మధ్యరకమైతే రోజుకు 2 గంటలు, తీవ్రమైతే 6 గంటలు పట్టీ వేయడం నేటి పద్ధతి. ఏడేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం హెచ్చు. తరువాత కొంత మేలు కలగవచ్చును గాని, వయసు పెరిగిన కొద్దీ అది తరుగుతుంది. పెద్దయ్యాక మెల్లను శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు, పోయిన చూపును మాత్రం ఎంత రొక్కం పోసినా కొనలేరు. హుండీకి గడువు ఉన్నట్లే పసికంటికీ గడువున్నది.

ఈ గడువు సంగతి లోకానికి తెలిసిన తీరు కూడ ఆలోచింపదగినది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజల్ అనే శాస్త్రజ్ఞులు 1960ల తొలినాళ్ళలో అమెరికాలో పిల్లికూనల కనురెప్పలను కుట్టి మూసి పరీక్షించారు. కొన్ని నెలల తరువాత తెరచినా ఆ కంటికి చూపు రాలేదు. పెద్ద పిల్లుల కళ్ళు మూసినప్పుడు అట్టి నష్టం కలగలేదు. వారికి 1981లో నోబెల్ బహుమానం లభించింది. అహింసను నమ్మిన ఇంటివారికి ఇది వినడమే కష్టం. ఆ పని ఒప్పని వారు అననక్కరలేదు. కాని మూగజీవాల బాధ మీద వచ్చిన జ్ఞానం చేతిలో ఉండి కూడ, తన ఇంటి పసికూన కంటిని ఏమరుపాటుతో ఆరిపోనిస్తే అది మరొక హింస కాదా? చేతులారా చేసినదే హింస కాదు, తెలిసి జరగనిచ్చినదీ హింసే.

జాలికీ దయకూ ఇక్కడే భేదం. జాలి చూసేవాని మనసు నొప్పిని తగ్గిస్తుంది, దయ బాధపడేవాని మేలు చూస్తుంది. నాయనమ్మ పట్టీ పీకినప్పుడు ఆ క్షణాన చల్లబడినది ఆమె మనసే. అట్లని పిల్ల చేతులు పట్టి, కసిరి పట్టీ వేయడమూ దయ కాదు. ఆ గంటలలో పక్కన కూర్చుని కథ చెప్పాలి, బొమ్మకూ ఒక పట్టీ వేసి చూపాలి, రంగులతో గీతలు గీయించాలి. పట్టీ ఎంతకూ కుదరకపోతే, బాగున్న కంటిలో అట్రోపిన్ చుక్కలు వేసి చూపును మసకబరచే పద్ధతి కూడ ఉన్నది. అది వైద్యుని మాట మీదనే చేయాలి. ఇక సంబంధం కొరకు కళ్ళజోడు దాచడమంటే, సరుకులో లోపం దాచి అమ్మడం వంటిదే. దుకాణంలో కూడని పని ఇంట్లో కూడునా?

కన్ను సరిగా కనబడడం లేదని పసివాడు ఫిర్యాదు చేయడు. వాడికి తెలిసిన చూపు అదొక్కటే గదా! కనుక కనిపెట్టవలసినవారు పెద్దలే. నాలుగు నెలలు నిండినా మెల్ల పోకపోవడం, ఒక కన్ను మూస్తే ఊరుకొని రెండవది మూస్తే ఏడవడం, ఇవి వెంటనే వైద్యునికి చూపవలసిన గుర్తులు. కంటిపాపలో తెల్లని మెరుపు కనబడితే ఒక్క రోజు కూడ ఆగరాదు. అది శుక్లం కావచ్చు, ప్రాణం తీసే కంతి కావచ్చు. 34 వారాలు నిండకముందు గాని, 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టిన బిడ్డకు నెల తిరగకముందే కంటి లోపలి పొరను పరీక్ష చేయించాలి. కాటుక, ఆముదం, చనుబాలు కంటిలో వేయరాదు. మదురైలో 1976లో అరవింద్, చెన్నైలో 1978లో శంకర నేత్రాలయ, హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ వెలిశాయి. ఏ రాష్ట్రాన స్థిరపడిన కుటుంబానికైనా దూరమనే సాకు ఎక్కువ కాలం నిలవదు.

రాత్రి చిట్టా సరిచూడనిదే నిద్రపోని వర్తకుడు, పసివాని కంటిలోకి ఒక్కసారి నిదానించి చూడలేడా? ఇరవై ఏళ్ళ తరువాత ఆ మనుమరాలు వచ్చి, "తాతయ్యా, నేను ఏడిస్తే మాత్రం ఆ పట్టీ ఎందుకు తీయనిచ్చారు?" అని అడిగితే, జాలి వేసిందన్న జవాబు ఆ ఖాతాకు చెల్లదు.