ఏనుగు స్నానము

శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమున పరీక్షిన్మహారాజు శుకయోగీంద్రుని ఒక చిక్కు ప్రశ్న అడిగినాడు. పాపము చేసి, ప్రాయశ్చిత్తము చేసికొని, మరల ఆ పాపమునకే పాల్పడువాని శుద్ధి ఏనుగు స్నానము వంటిది గదా యని. ఏనుగు మడుగున మునిగి గట్టెక్కినంతనే తొండముతో దుమ్మెత్తి మేన చల్లుకొనును.

నూజివీటి మెరక మామిడితోటలకు దిగువనున్న కొల్లేటిని చూచినపుడు ఈ ప్రశ్నయే స్ఫురించుచున్నది. ఆ సరస్సు 1999లో అభయారణ్యమైనది. 2002లో రాంసర్ జాబితా కెక్కినది. 2006లో అక్రమపు చేపల చెరువుల గట్లు త్రవ్వివేసినారు. పిదప అనేక చెరువులు మరల వెలసినవి! విజయవాడ మురుగుతో బుడమేరు, ఏలూరు మీదుగా తమ్మిలేరు నేటికిని అందే చేరుచున్నవి.

“ప్రకృతియే శుద్ధి చేయునుగదా, మురుగు వదలిన నేమి?” అని కొందరందురు. అందు సత్యము లేకపోలేదు. కిక్కిస వేళ్ళ నాశ్రయించిన సూక్ష్మజీవులు మురుగును భక్షించి నీటిని తేర్చును. గుర్రపుడెక్క సీసము వంటి లోహములను వేళ్ళలోనికి పీల్చుకొనును. మన భారతీయుడే యగు ఆనందమోహన చక్రవర్తి అమెరికాలో చమురును తిను సూక్ష్మజీవిని రూపొందింపగా, అట్టి జీవికి పేటెంటు చెల్లునని 1980లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇవి యన్నియు భగవంతుని కరుణా విశేషములే.

అయితే గుర్రపుడెక్కను తీసి గట్టున వేయువా రెవరు? నీటనే క్రుళ్ళిన, పీల్చిన విషము మరల నీటనే కలియును. చెరువుల కొరకు కిక్కిసనే పెరికివేసినచో తేర్చువా రెవరు? వైద్యుని వెడలగొట్టి, వైద్యమున్నదను ధైర్యముతో అపథ్యము చేయుట యిది. నామబలమును నమ్మి పాపము చేయుటను మన పెద్దలు నామాపరాధమనిరి. నామము పావనము గాదని వారి భావము గాదు. దానిని పాపమునకు పూచీగా నిలుపుటయే అపరాధము. అజామిళుడు విష్ణుదూతలచే విడువబడిన పిమ్మట పాత యింటికి పోలేదు, గంగాద్వారమునకు వెడలినాడు.

హింస లేక బ్రతుకు సాగునా యని ఒక తోట యజమాని నన్నడిగినాడు. న్యాయమైన ప్రశ్నయే. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ - ఈ యైదింట గృహస్థునకు హింస తప్పదు గనుకనే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. పూతపై తేనెమంచు పురుగు పడగా వేరు దారి లేక మందు చల్లిన రైతునకు ఆ న్యాయము వర్తించును. మిగిలిన మందును, డబ్బాలు కడిగిన నీటిని కాలువలో పారబోయువానిని అతనితో ఒకే గాట కట్టుటకు నాకు ఏ స్మృతియు తోడు రాదు.