వేగానందము

వేగమునందు మానవునకు గల ప్రీతి నేడు పుట్టినది కాదు. నడక నేర్చిన శిశువు మరునాడే పరుగెత్తజూచును. పడును, ఏడ్చును, మరల లేచి పరుగెత్తును. గుఱ్ఱమును మచ్చిక చేసికొన్న నాటినుండియు నరుడు తన కాళ్ళకు మించిన వేగమును చవిచూచుచునే యున్నాడు. ఆ చవి నిర్దోషమైనదా, లేక మనస్సును మరపించు మత్తులలో నొకటియా? ప్రశ్న పాతదే యైనను, పాశ్చాత్య దేశములందు, ముఖ్యముగ ఇంగ్లండునందు, నేడు వాడుకలో నున్న యొక చిన్న ఆచారము దానిని క్రొత్తగ మన ముందుంచుచున్నది.

అచ్చట జన్మదినమునకిచ్చు కానుకలలో నొక వింత కానుక కలదు. భార్య భర్తకో, బిడ్డలు తండ్రికో ఒక చీటిని కవరులో నుంచి యిత్తురు. అందు వస్తువేదియు నుండదు. ఫలానా పందెపు మైదానమునకు పోయి, ఫెరారీ, లాంబోర్గిని, పోర్షే వంటి స్పోర్ట్స్ కార్లను ఆ బాటపై కొన్ని చుట్లు స్వయముగ నడుపవచ్చునను అనుమతి మాత్రమే యుండును. ఏడాది పొడవునను చిన్న కారులో ఆఫీసునకు పోయి వచ్చు గృహస్థు ఏబదియవ యేట ఆ యొక్క పూట రాజరథమునెక్కును. స్వంత కారునే తెచ్చుకొని పందెపు బాటపై నడుపుకొను దినమునకు ‘ట్రాక్ డే’ యని పేరు.

ఈ మైదానములలో పెక్కింటి పుట్టుక చిత్రమైనది. సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్, త్రక్స్‌టన్, కాజిల్ కూంబ్ ఇవి యన్నియు రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున సైనిక విమానములకై ఏర్పడిన స్థలములు. యుద్ధము ముగియగానే అవి ఖాళీపడినవి. 1948లో సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్‌లందు మోటారు పందెములు మొదలైనవి. మన దేశమునను ఇట్లే జరిగినది. మద్రాసు నుండి నెల్లూరునకు పోవు పెద్దబాట ప్రక్కనున్న షోలవరములోని పాత విమానరంగముపై కొన్ని దశాబ్దముల పాటు కార్ల పందెములు జరిగెను. తరువాత, 1990లో శ్రీపెరుంబుదూరు చేరువను, 2011లో గ్రేటర్ నోయిడాలోను పందెములకొఱకే నిర్మించిన బాటలు వచ్చినవి. బాంబులను మోయు విమానములకై వేసిన నేలపై ఒక గుమాస్తా తన పుట్టినరోజును జరుపుకొనుట నా కంటికి నాగరకత యొక్క మంచి లక్షణముగనే తోచును.

ఇక ఆ దినమున జరుగునదేమి? ఉదయమున అందరును సమావేశమగుదురు. ప్రమాదము తెలిసియే వచ్చితిమని ఒక కాగితముపై సంతకము చేయుదురు. పసుపు జెండా ఊపినచో ముందేదో అపాయమున్నదని నెమ్మదింపవలెను. ఎఱ్ఱ జెండా ఊపినచో అందరును వేగము తగ్గించి షెడ్లకు మరలి రావలెను. ట్రాక్ డే పందెము కాదు. చుట్టునకెంత కాలము పట్టినదో లెక్కించుట సాధారణముగ నిషిద్ధము. ముందున్నవాడు సమ్మతించి దారి యిచ్చినగాని వెనుకనున్నవాడు దాటరాదు. ఈ నియమమును విని నేను కొంత సంతోషించితిని. అంత శక్తిగల యంత్రములు చేతనుండగా, ఒకని యనుమతి లేక మరియొకడు ముందునకు పోరాదనుట చిన్న మర్యాద కాదు.

కానుకగా వచ్చినవాని ప్రక్కను శిక్షకుడొకడు కూర్చుండును. కొన్ని కార్లలో నతని కాలిక్రిందను బ్రేకు ఉండును. అతడు చెప్పు పాఠములు రెండు మూడే. తిన్నని దారిలోనే బ్రేకు వేసి వేగము తగ్గించుకొని పిమ్మట మలుపులోనికి దిగవలెను; మలుపు నడుమ భయపడి హఠాత్తుగ బ్రేకు వేసినచో బరువంతయు ముందు చక్రములపై పడి వెనుక చక్రములు పట్టు వదలును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు కావలసిన దూరము నాలుగు రెట్లగును. అన్నిటికంటె ముఖ్యమైనది చూపును గూర్చిన పాఠము. పోవలసిన చోటును చూడుము, గోడను చూడకుము, చేతులు కన్నుల వెంటనే పోవునని యతడు మరల మరల హెచ్చరించును. గోడకు వెరచి గోడనే చూచువాడు గోడవైపునకే పోవును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకండునకు సుమారు 28 మీటర్లు దాటును. అంతటి వేగమున చూపు ఒక్క క్షణము చెదరినను చేయి దారి తప్పును.

దిగి వచ్చినవారి ముఖములు చూచినచో, వారు నిజముగ ఆనందించిరనుటకు సందేహముండదు. ఆ యానందము ఎక్కడ నున్నది? వేగములో నున్నదందుమా, విమానములో గంటకు 800 కిలోమీటర్ల వేగమున పోవు ప్రయాణికుడు నిద్రించుచున్నాడు గదా! ఐశ్వర్యములో నున్నదందుమా, ఆ కారు వానిది కాదు. మధ్యాహ్నమునకు తాళపుచెవి తిరిగి యిచ్చివేయవలెను. విచారించి చూడగా, అది మనస్సు ఒక్కచోట కుదురుకొనుటయందున్నట్లు తోచుచున్నది. ఆ కొన్ని నిమిషములును బ్యాంకు అప్పు లేదు, పై యధికారి లేడు, నిన్నటి కలహము లేదు, రేపటి చింత లేదు. ఎదుటి మలుపొక్కటే కలదు. సంవత్సరము పొడవున నూరు ముక్కలై యుండు మనస్సు ఒకటియైనపుడు కలుగు తెరపినే అతడు వేగానందమని తలచుచున్నాడు.

అయినచో ఇది ధ్యానమునకు సమానమా? కొందరు ఉత్సాహవంతులు అట్లే యందురు. నేను అంగీకరింపజాలను. పులి తరుముచుండగా పరుగెత్తువానికిని ఏకాగ్రత కలదు. దానిని ధ్యానమని ఎవ్వరును అనరు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునకు పక్షి శిరస్సు తప్ప మరేమియు కనబడలేదు. అక్కడ నతనిని తరుముచున్న భయమేదియు లేదు. గురి తప్పినచో ప్రాణము పోదు. ఆ చూపు అతడు తానుగ నిచ్చినది. పందెపు బాటపై చూపు మనము ఇచ్చినది కాదు, అపాయము మననుండి లాగికొన్నది. లాగికొనబడినది బాట దిగగానే మరల చెదరిపోవును. కావుననే ఆ రుచి మరిగినవాడు మరుసారి ఇంకను ఎక్కువ వేగమును కోరును. ఇంతమాత్రమున ఆ యనుభవము వ్యర్థమనను. తన మనస్సు ఒకటి కాగలదని ఎన్నడును ఎరుగనివానికి అది యొక్కమారు చూపినది. అరువు తెచ్చిన దీపమైనను, ఇంటిలో వస్తువులెక్కడ నున్నవో చూచుకొనుటకు పనికివచ్చును.

ఈ సందర్భమున నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చుచున్నది. బాహుకుడను మారుపేరుతో సారథియైన నలుడు ఋతుపర్ణ మహారాజును అయోధ్య నుండి విదర్భకు ఒక్క దినములో చేర్చబూనెను. దారిలో రాజు ఉత్తరీయము జారిపడినది. ఆపుము, తెప్పించెదనని రాజనగా, అది యోజన దూరము వెనుకబడినదని సారథి పలికెను. రథమెక్కినవాని ఆశ్చర్యమును ఇంతకంటె చక్కగ తెలుపు కథ మరియొకటి నేనెరుగను. కాని ఆ కథలో నన్నాకర్షించునది రథవేగము కాదు, రథము ఆగుట. ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని యాకులను, కాయలను లెక్కపెట్టకయే సంఖ్య చెప్పెను. నలుడు రథమును నిలిపి, లెక్కించి చూచిన గాని కదలననెను. స్వయంవరమునకు ఆలస్యమగుచున్నదని రాజు ఎంత తొందరపడినను వినలేదు. అక్కడనే అశ్వహృదయమునకు మారుగ అక్షహృదయమును నేర్చుకొనెను. కలి అతని శరీరమును వీడెను. జూదములో ఆగవలసినచోట ఆగజాలక రాజ్యమును పోగొట్టుకొన్నవాడు, నేడు పరుగు నడుమ ఆగగలిగెను. అతనికి విముక్తి కలిగినది వేగముగ పోవుచున్నపుడు కాదు.

కావున వేగానందమునకు నేను పెట్టు పరీక్ష ఒక్కటే: ఆ మనుజుడు ఆగగలడా?

ఈ పరీక్ష మైదానములోకంటె మైదానము వెలుపలనే కఠినము. 1907లో సర్రే మండలమున బ్రూక్‌లాండ్స్ అనుచోట హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన స్వంత భూమిలో, మోటారు కార్లకొఱకే నిర్మించిన ప్రపంచపు తొలి పందెపు బాటను ఏర్పరచెను. ఆనాటి బ్రిటిషు చట్టము ప్రజల దారులపై గంటకు ఇరువది మైళ్ళను మించనిచ్చెడిది కాదు. వేగమును చంపుట కాదు, దానికొక ఆవరణ కట్టుట ఆయన చేసిన పని. ఆ ఆవరణలోపల అపాయమును ఎదుర్కొనువాడు దానికి సమ్మతించినవాడు. బజారు దారిలో అట్లు కాదు. అక్కడ ముసలివాడు బాట దాటుచుండును, తల్లి బిడ్డను ఎత్తుకొని నిలుచుండును. వారెవ్వరును కాగితముపై సంతకము చేయలేదు. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. అందు నూటికి డెబ్బదికి పైగా మరణములకు అతివేగమే కారణమని అదే లెక్క చెప్పుచున్నది. హైదరాబాదు చుట్టును ఉన్న 158 కిలోమీటర్ల పెద్దబాట అర్ధరాత్రివేళ ఖాళీగ కనబడుచున్నదను ధైర్యముతో తన కారు సత్తువను చూడబోవు యువకుడు, ఇతరుల ప్రాణములను వారినడుగకయే పందెమొడ్డుచున్నాడు. మైదానములో ఆడినచో ఆటయగునది ఇచ్చట హింసయగును. చేయు పని ఒక్కటే, చోటు వేరు.

నేర్పరులకును ఇది తప్పలేదు. 1958లో ప్రపంచ విజేతయైన మైక్ హాథార్న్ ఆ యేటనే పందెములు మానుకొనెను. పందెపు బాటలు అతనిని విడిచిపెట్టినవి. 1959 జనవరి 22న గిల్డ్‌ఫర్డ్ చేరువను, తడిసిన మామూలు రోడ్డుపై తన జాగ్వార్ కారు అదుపు తప్పి మరణించెను. అప్పటికి అతని వయస్సు ఇరువది తొమ్మిదేండ్లు.

ఇక కానుక నిచ్చినవారి మాట. గృహస్థు తన ప్రాణమునకు తానొక్కడే యజమాని కాడు. భార్యకును బిడ్డలకును అందు భాగము కలదు. ఆ భాగస్థులే చీటి కొని చేతికిచ్చినపుడు వారు తమ హక్కును కొంతసేపు వదలుకొని కంచె ప్రక్క నిలిచియున్నారన్నమాట. ధనము వ్యయమగుననియు, పెట్రోలు కాలిపోవుననియు చేయు ఆక్షేపణలు నాకు ముఖ్యముగ తోచవు. మన పెండ్లి విందులలో పారవేయు అన్నమును చూచినవారు ఆ లెక్క తీయకుండుటయే మేలు. ముఖ్యమైనది ఆ కంచె ప్రక్కనున్నవారి గుండె దడ. మూడవ చుట్టులో “ఇక చాలును” అని శిక్షకునితో చెప్పి దిగివచ్చువానిని పిరికివాడని స్నేహితులు నవ్వవచ్చును. నేనైతే వాడే కానుక విలువ తెలిసినవాడందును. నవ్వువారిలో ఎందరు అంతఃపురమునందు ఉత్తరకుమారుని ప్రజ్ఞలు పలికి, కౌరవసేన కంటబడగానే రథము దుమికి పారిపోవువారో ఎవరెరుగుదురు! ఉత్తరుని నిందించుటకు ఈ మాట యనలేదు. పట్టుకొని మందలించి ధైర్యము చెప్పువాడు దొరకగా, అతడును మంచి సారథియే యయ్యెను.

హాథార్న్ విజేతయైన ఆ 1958లోనే మరియొక సంగతి జరిగినది. పోర్చుగల్ పందెములో అతడు నియమమును మీరెనని అధికారులు పట్టుకొనగా, అతనికి ప్రత్యర్థియైన స్టిర్లింగ్ మాస్ ముందునకు వచ్చి అతని పక్షమున సాక్ష్యము చెప్పెను. హాథార్న్ మార్కులు నిలిచినవి. ఆ యేటి చివరను మాస్ ఒక్క మార్కు తేడాతో ప్రపంచ పదవిని పోగొట్టుకొనెను. జీవితమునందు మరెన్నడును అది ఆయనకు దక్కలేదు. గెలుపునకై తహతహలాడు పరుగు నడుమ, సత్యము కొఱకు ఒక్క నిమిషము ఆగిన మనుజుడాయన.

1962 ఏప్రిల్ 23న గుడ్‌వుడ్‌లో ఆయన కారు బాట తప్పి మట్టిగట్టును ఢీకొనెను. నెల దినములు స్పృహ లేదు. శరీరము ఎడమ భాగమునకు కొన్ని నెలలు పక్షవాతము. మరుసటి యేడు మే నెలలో, అదే మైదానమున ఏకాంతముగ ఒక పందెపు కారును నడిపి తనను తాను పరీక్షించుకొనెను. వేగమేమియు అంతగా తగ్గలేదు. కాని పూర్వము తనంతట జరిగిపోవు పనులు ఇప్పుడు ఆలోచించి చేయవలసి వచ్చుచున్నవని గ్రహించెను. కారు దిగి, పందెములు మానితినని ప్రకటించెను. ముప్పది మూడేండ్ల వయస్సు, లోకమంతటను పేరు. తొందరపడితినేమో యని తరువాతి కాలమున తానే పలికెను. పాత కార్ల పందెములలో వినోదముగ మరల పాల్గొనెను గూడ. అట్లు నడుపుచు నడుపుచు, 2011లో, ఎనుబదియొకటవ యేట, ఫ్రాన్సులోని లె మాన్‌లో నొక మధ్యాహ్నము తనకు తానే భయము కలిగించుకొంటినని తెలిసికొని, నాటితో స్టీరింగును విడిచిపెట్టెను.