సారెపతు విధవరాలు ఏరిన పుల్లలు

ధ్యానభాగములు: 1 రాజులు 17:8–16, విలాపవాక్యములు 5:4, యాకోబు 2:15–16



సారెపతు విధవరాలి సంగతి మనము ఆదివారపు బడి నాటినుండి వినుచున్నదే. తొట్టిలోని పిండిని గూర్చియు, బుడ్డిలోని నూనెను గూర్చియు బోధకులు ఎన్నో మారులు ప్రసంగించిరి. అయితే ఏలీయా ఆ ఊరి గవినియొద్దకు వచ్చి ఆమెను మొదట చూచినప్పుడు ఆమె చేతిలో పిండియు లేదు, నూనెయు లేదు. ఆమె పుల్లలు ఏరుకొనుచుండెను. ఎన్ని పుల్లలు? రెండు చాలునని ఆమెయే ప్రవక్తతో చెప్పినట్లు పండ్రెండవ వచనములో చదువుచున్నాము. ఈ పుల్లలను గూర్చిన ప్రసంగము మేము ఇంతవరకు వినలేదు. ప్రసంగించువారిలో ఎక్కువమంది పురుషులగుటచేత పొయ్యి వారి కంట పడలేదేమో!

గ్రామములలోని మన తల్లులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. ఇంట పిండియున్నను పొయ్యిలోనికి కట్టె లేనియెడల అది భోజనము కాదు. కంది కట్టె, పత్తి కట్టె, తాటిమట్ట, పిడకలు, వానకాలమునకు దాచుకొనిన నాలుగు తుమ్మ మొద్దులు, ఇవన్నియు కూడిన తరువాతనే కుండలో బియ్యము పడును. యెరూషలేము పడిపోయిన తరువాత ఆ ప్రజలు ఏడ్చిన ఏడ్పులో కూడ ఈ సంగతి యున్నది. తమ సొంత నేలలోని నీటికిని, తమ సొంత అడవిలోని కట్టెలకును వెలయిచ్చుకొనవలసి వచ్చెనే అని వారు దేవునియెదుట మొరపెట్టుకొనిరి. పరిశుద్ధ గ్రంథము వంటచెరకు వెలను చిన్న సంగతిగా ఎంచలేదు. కట్టెల ఖర్చును ప్రార్థనలో పెట్టవచ్చునా అని సందేహించువారు విలాపవాక్యములు ఐదవ అధ్యాయము తెరచి చూడవలెను.

ఇప్పుడు మౌలాలి మాట. మీ సంఘములనుండి ఎందరో బిడ్డలు కూలికో, రైల్వే పనికో, చర్లపల్లి కర్మాగారములలో పనికో వచ్చి, మౌలాలి గుట్ట చుట్టుపట్ల ఒక గదియో, గదిన్నరయో అద్దెకు తీసుకొని కాపురము చేయుచున్నారు. ఆ గుట్ట మీద బండలేగాని ఏరుకొనుటకు పుల్లలు లేవు. గ్యాసు బండ, కరెంటు తీగ, ఈ రెండే వారి పొయ్యియు దీపమును. ఒక విచిత్రము చూడుడి. ఈ మౌలాలి ప్రక్కనే 1971లో స్థాపింపబడిన అణు ఇంధన సంస్థ యున్నది. దేశములోని అణువిద్యుత్ కేంద్రములకు కావలసిన ఇంధనము అక్కడ తయారగుచున్నది. దాని ప్రహరీగోడకు కొంత దూరములో ఒక తల్లి, ఫ్యాను ఆపవలెనా, పిల్లవాడు చెమటతో మేలుకొనకుండ ఉంచవలెనా అని నడిరేయి ఆలోచించుచున్నది.

గ్యాసు ధర సంగతి మీకును తెలిసినదే. హైదరాబాదులో 14.2 కిలోల బండ 2023 మార్చిలో 1,155 రూపాయలకు చేరెను. ఆ యేడు ఆగస్టు చివరను 200 రూపాయలు, 2024 మార్చిలో 100 రూపాయలు తగ్గి, 2025 ఏప్రిల్‌లో మరల 50 పెరిగెను. మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు పైగా ఓడలమీద వచ్చుచున్నది గనుక, గల్ఫు దేశములలో ధర పెరిగిన నెల మన వంటింటిలో కూడ తెలియును. తెలంగాణ ప్రభుత్వము 2024 ఫిబ్రవరి 27న రేషను కార్డు గల కుటుంబములకు 500 రూపాయలకే బండ ఇచ్చు పథకము ప్రారంభించెను. అయితే మొదట పూర్తి ధర చెల్లించవలెను, మిగిలినది తరువాత బ్యాంకు ఖాతాలో పడును. దినకూలితో బ్రదుకువానికి ఆ 'తరువాత' అను మాటలోనే కష్టమంతయు ఉన్నది. ఆ నాలుగు వందలు చేతిలో లేకనే బండ బుక్ చేయుట వాయిదా వేసికొను ఇండ్లు కలవు.

కరెంటు బిల్లు విషయము కొంచెము ఓపికగా వినుడి. ఏలయనగా ఇందులో తెలియక నష్టపోవుచున్నవారు అనేకులు. రేటు అందరికిని ఒకటి కాదు. వాడకము పెరిగినకొలది మెట్లు మెట్లుగా పెరుగును. 2022 ఏప్రిల్‌లో అమలైన పట్టిక ప్రకారము, నెలకు నూరు దాటి రెండు వందల యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి నూరు యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పునను, తరువాతి నూరు 4 రూపాయల 80 పైసల చొప్పునను లెక్క కట్టుదురు. సరిగా 200 యూనిట్లకు 820 రూపాయలగును. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయినయెడల ఇల్లు వేరొక తరగతిలోనికి పోవును. అప్పుడు మొదటి రెండు వందల యూనిట్లకే 5 రూపాయల 10 పైసల చొప్పున వేయుదురు, పై యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తము 1,027 రూపాయల 70 పైసలు. స్థిర చార్జీలు మొదలైనవి వేరు. అనగా ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయలకు మించినది!

2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద, రేషను కార్డు గల ఇంటికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్న వచ్చుచున్నది. అద్దెకున్నవారును దీనికి అర్హులే. కాని ఆధార్, రేషను కార్డు, మీటరు నెంబరు ఒకదానితో ఒకటి జతపడి యుండవలెను, 200 దాటిన నెల మొత్తము బిల్లు చెల్లించవలెను. కాబట్టి బీదవాని ఇంట 199కిని 201కిని మధ్యనున్న తేడా రెండు యూనిట్లు కాదు, వెయ్యి రూపాయలు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని మన ప్రభువు చెప్పెను (లూకా 14:28). తొట్టిలో పిండి ఎంత యున్నదో ఆ విధవరాలికి తెలిసినట్టుగా, మన మీటరులో అంకె ఎంత యున్నదో మనకు తెలియవలెను. ప్రతి ఆదివారము ఆరాధనకు బయలుదేరుటకు ముందు మీటరు అంకె క్యాలెండరు మీద వ్రాసికొనుడి. వారమునకు 45 యూనిట్లు దాటకున్నచో నెలకు 200 దాటదు. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడచిన ఒక యూనిట్. పాత 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లగును, అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడ కాదు. 75 వాట్ల ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగిన నెలకు ఇరువదిరెండున్నర. బక్కెటలో నీళ్లు కాచు 1,500 వాట్ల రాడ్డు రోజుకు అరగంట పెట్టిన అదియు ఇరువదిరెండున్నరయే! బిడ్డకు గాలి విసరు ఫ్యానును ఆపి, మగవాని స్నానమునకు రాడ్డు పెట్టు ఇండ్లు కలవు. ఐదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత ముక్కలు పోగుచేయుమని చెప్పిన ప్రభువు (యోహాను 6:12) ఈ లెక్కలను చూచి నవ్వడు.

బిల్లు వచ్చిన దినమున భార్యను కోపించు భర్తలకు ఒక మాట. తిబెరియ సముద్రతీరమున తెల్లవారుజామున నిప్పులు పేర్చి, వాటిమీద చేపలుంచి, అలసిన శిష్యులను భోజనమునకు పిలిచినది పునరుత్థానుడైన ప్రభువే (యోహాను 21:9–12). నిప్పుల చింత స్త్రీదేయని ఆయన అనుకొనలేదు. ఖర్చు మిగులుననుకొని ఆమెను మరల పొగలోనికి పంపకుడి. ఆ పొగ ఆమె కన్నులకును, రొమ్ముకును, ఒడిలోని బిడ్డకును చేయు కీడు ఆసుపత్రి చీటీలలో బయటపడును.

ఇక మేము చెప్పుటకు వెనుదీసిన మాట యొకటి యున్నది. అయినను చెప్పక తప్పదు. మన సంఘములలో అద్దెకున్నవారు ఉన్నారు, ఇండ్లు అద్దెకిచ్చినవారును ఉన్నారు. ఒకే ప్రభువు బల్లయొద్ద ఇరువురును మోకరించుచున్నారు. ఇంటియజమాని పేర మీటరు ఒక్కటే యుండి, ప్రతి వాటాకు చిన్న మీటరు పెట్టి, యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేయు వాడుక నగరములో కలదు. ఒక లెక్క చూడుడి. మూడు వాటాలవారు ఒక్కొక్కరు 120 యూనిట్లు వాడిరి. అన్నియు ఒకే మీటరు మీద కలిసి 360 అయ్యెను గనుక పై మెట్లు ఎక్కి 2,330 రూపాయలాయెను. యూనిట్ ఒకటికి ఆరున్నర రూపాయలు పడినది. యజమాని పది చొప్పున 3,600 పుచ్చుకొనెను. ఎవరి మీటరు వారికున్నచో ఒక్కొక్కరి 120 యూనిట్లకు 436 రూపాయలే అయియుండును, రేషను కార్డు గలవారికి గృహజ్యోతి క్రింద సున్నయే. ఆ ఇంట అద్దెకున్న కూలివాడు ఇచ్చినది మాత్రము 1,200.

సంచిలో రెండు రకముల తూనికరాళ్లు ఉంచుకొనకూడదని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 25:13–16). గోడమీద తిరుగు ఆ చిన్న మీటరు కూడ ఒక త్రాసే. వైరింగు ఖర్చు, మోటారు ఖర్చు, మెట్లదగ్గర దీపము, ఇవి ఉన్నవి, ఒప్పుకొందుము. వాటిని విడిగా చెప్పి విడిగా పుచ్చుకొనుడి. అసలు బిల్లు అద్దెకున్నవారికి చూపించి, వచ్చిన రేటునే తీసికొనుడి. విద్యుత్ శాఖ అనుమతించు చోట వాటాకొక మీటరుకు సంతకము పెట్టుడి. అట్టి సంతకమువలన ఆస్తి పోవునను భయము కొందరికి కలదు. అద్దె ఒడంబడిక కాగితము వ్రాసికొనిన ఆ భయము తీరును.

అట్లే స్తంభమునుండి కొక్కెము తగిలించి కరెంటు దొంగిలించుటను బీదరికము పేర సమర్థింపకుడి. 2003 విద్యుత్ చట్టము 135వ సెక్షను క్రింద అది శిక్షార్హమైన నేరము. చట్టముకన్న ముందు సీనాయి కొండమీద వ్రాయబడిన ఆజ్ఞ యుండనే యున్నది. ఆ తీగ తెగి పడిన నాడు చచ్చునది సాధారణముగా పొరుగువాని బిడ్డయో, మరమ్మతునకు ఎక్కిన లైన్‌మనో.

అయితే బీదవానికి పొదుపును, నీతియు బోధించి ఊరకుండుట యాకోబు మందలించిన పనియే. బట్టలులేని సహోదరునితో వెచ్చగా ఉండుమని చెప్పి చేయి విదల్చుకొనిన మనుష్యుని గూర్చి అతడు వ్రాసెను. మెలితే ద్వీపవాసులు సువార్త ఎరుగనివారైనను, వానలో తడిసిన పరదేశులకు నిప్పు రాజబెట్టిరి. పౌలు తాను కూడ మోపెడు పుల్లలు ఏరి అందులో వేసెను (అపొస్తలుల కార్యములు 28:2–3). అపొస్తలుడు పుల్లలు ఏరగా సంఘపెద్దలకు చిన్నతనమేమి? క్రిస్మసు దీపతోరణములకు పెట్టు సొమ్ములో కొంత తీసి, బండ ధర ముందుగా చేబదులిచ్చి, ఖాతాలో రాయితీ పడిన తరువాత తిరిగి పుచ్చుకొను చిన్న నిధిని ఏ సంఘమైనను పెట్టుకొనవచ్చును. నాలుగు వందలు తిరుగుచు ఏడాదిలో పది ఇండ్ల పొయ్యిలను వెలిగించును.

మన నోరు కూడ తెరువవలసియున్నది. 2000 ఆగస్టు 28న, పెరిగిన కరెంటు చార్జీలకు విరోధముగా హైదరాబాదులో శాసనసభకు బయలుదేరిన ఊరేగింపుమీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు విడిచిరి. కరెంటు రేటు అనునది మనుష్యులు చచ్చునంత పెద్ద సంగతియని మన తరము కన్నులార చూచినది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు నిర్ణయించుటకు ముందు బహిరంగ విచారణ జరుపును. ఎవరైనను కాగితము మీద అభ్యంతరము వ్రాసి పంపవచ్చును. సామెతలు 31వ అధ్యాయములో గుణవతియైన భార్యను గూర్చి చదువుటకు ఇష్టపడు మనము, అదే అధ్యాయము ఎనిమిదవ, తొమ్మిదవ వచనములలో నోరులేనివారి పక్షముగా మాటలాడుమను ఆజ్ఞను దాటిపోవుచున్నాము.

తిరిగి సారెపతునకు పోదము. పిండియు నూనెయు తరుగలేదని గ్రంథము చెప్పుచున్నది. పుల్లలు తరుగలేదని ఎక్కడను చెప్పలేదు. కరవు తీరువరకు ఆ ఇంట ప్రతి దినము ఎవరో ఒకరు గవిని దాటిపోయి పుల్లలు ఏరవలసియే యుండెను. ఏలీయా అనేక దినములు ఆ ఇంట భుజించెనని పదునైదవ వచనములో ఉన్నది. ఆ దినములన్నిటిలో ప్రవక్త మేడగదిలోనే కూర్చుండెనని మాత్రము మేము నమ్మజాలము.

ఈ నెల రెండవ ఆదివారము ఆరాధన అయిన తరువాత మీ మీ సంఘములలో లెక్కలు తెలిసిన యౌవనస్థులను ఒక బల్లయొద్ద కూర్చుండబెట్టుడి. కరెంటు బిల్లు, రేషను కార్డు, ఆధార్ కార్డు, గ్యాసు పుస్తకము, బ్యాంకు పాసుపుస్తకము పట్టుకొని రావలెనని ముందుగా ప్రకటన చేయుడి. ఇండ్లు అద్దెకిచ్చినవారు తమ అసలు బిల్లులను తెచ్చి అదే బల్లమీద పెట్టవలెను.