పొతియొలీలో ఏడు దినములు



మన చందాపుర సంఘములోని దంపతులొకరు ఇటలీ చూచి వచ్చిరి. రోమాలోని కొలోసియంను గూర్చి రెండే మాటలు చెప్పిరి. తమకు బస ఇచ్చిన ఇటలీ కుటుంబమును గూర్చి ఎంత చెప్పినను వారికి తనివి తీరలేదు. భాష రాకపోయినను ఆ ఇంటి తల్లి ప్రతి పూట తమ బల్లయొద్దనే కూర్చుండబెట్టి వడ్డించెనట.

అపొస్తలుల కార్యములు 28:13, 14 చదువుడి. పౌలు ఖైదీగా ఇటలీ తీరమున పొతియొలీలో దిగెను. నేపుల్సు దగ్గరనున్న నేటి పొజ్జువోలి అదే. అక్కడి సహోదరులు అతని వెంటనున్న శతాధిపతిని, సైనికులను చూచి వెనుదీయలేదు. ఏడు దినములు ఉండుమని బతిమాలిరి. అట్టి అతిథిని మనలో ఎవరు పిలుతుము?

అకుల ప్రిస్కిల్లలైతే క్లౌదియ ఆజ్ఞచేత ఇటలీ విడిచి వచ్చినవారు. కొరింథులో పౌలును తమ యింట ఉంచుకొని, అతనితో కలిసి డేరాలు కుట్టిరి. వలస బాధ ఎరిగినవారు గనుకనే తలుపు తీసిరని నా తలంపు.

మనమును ఒకప్పుడు హోసూరు రోడ్డున అడ్వాన్సుకు డబ్బు లేక గదికొరకు తిరిగినవారమే. ఇప్పుడు సొంత ఇండ్లున్నవి. బొమ్మసంద్రలో పనికి వచ్చిన పిల్లలను ఆరాధన తరువాత ఏ జిల్లా, ఏ ఊరు, ఎవరివారు అని అడుగుదుము. కాఫీ ఇచ్చి పంపుదుము. వెనుక వరుసలోని కుర్రవాడు ఆదివారము మధ్యాహ్నము హోటలులో ఒంటరిగా తినుచున్నాడు.

వచ్చే ఆదివారము మా యింట ఇద్దరికి చోటున్నది. మీ యింట ఎందరికో శనివారములోగా పాస్టరుగారికి తెలియజేయుడి.