వేషం వేసినంతనే పాపమా?



క్రిస్మస్ రాత్రి మన దేవాలయ ఆవరణలో పిల్లలు వేసే నాటికలో ఒకడు హేరోదు వేషం కడతాడు. అట్ట కిరీటం పెట్టుకుని, కాటుకతో మీసం దిద్దుకుని, పసిబిడ్డలను చంపి రమ్మని భటులను ఆజ్ఞాపిస్తాడు. మనమంతా చప్పట్లు కొడతాం. వాడి తల్లి అందరికంటె గట్టిగా కొడుతుంది. ఆ పిల్లవాడు రేపు హంతకుడవుతాడని ఎవరమూ బెంగపడం. మరి అదే పిల్లవాడు నలుగురు స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని, మాటలతోనే మంత్రగాడి వేషం వేస్తే మాత్రం ఎందుకు ఉలిక్కిపడతాం?

అటువంటి ఆట ఒకటి ఉంది. పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాసులు రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడింది. తాండూరు బండలు పరిచిన అరుగుల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, గవ్వలతోనో చింతగింజలతోనో అష్టాచెమ్మా ఆడినవారికి పాచికల సంగతి కొత్త కాదు. కాని అష్టాచెమ్మాలో గవ్వలు ఎంత పడితే కాయ అంత నడుస్తుంది. ఈ ఆటలో కాయ బదులు మనిషే నడుస్తాడు. ఒకరు కథ చెబుతారు. తక్కినవారు యోధుడు, దొంగ, మంత్రగాడు అంటూ తలా ఒక పాత్ర ఎంచుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది నెరవేరిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. కథ వారాలు, నెలలు సాగుతుంది. సాధారణంగా ఒకరు గెలిచి మరొకరు ఓడడం ఉండదు. జట్టంతా కలిసి గట్టెక్కాలి.

వికారాబాదు నుంచో తాండూరు నుంచో హైదరాబాదు వెళ్లి చదువుకుంటున్న మీ బిడ్డ సెలవులకు రైలు దిగి వచ్చినప్పుడు, సంచిలో ఆ పాచికలు కనబడితే మీరేం చేస్తారు?

తొందరపడకముందు ఒక సంగతి వినండి. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 16 ఏళ్ల కుర్రవాడు కనబడకుండా పోయాడు. వాడు ఈ ఆట ఆడేవాడని తెలియగానే, ఆటలో మునిగి భూగర్భ సొరంగాలలో తప్పిపోయాడని వార్త గుప్పుమంది. కొన్ని వారాలకు వాడు వేరే రాష్ట్రంలో ప్రాణాలతో దొరికాడు. కాని మరుసటి సంవత్సరం తన ప్రాణం తానే తీసుకున్నాడు. పసి వయసులోనే పెద్ద చదువు, ఒంటరితనం, లోలోపల తీవ్రమైన మనోవ్యథ వాడిని పీడించాయి. వాడిని వెతికిన డిటెక్టివ్ సైతం అసలు కారణాలు వేరని 1984లో తన పుస్తకంలో వివరించాడు. అయినా నింద ఆట మీదే నిలిచింది. సైతాను పూజకు ఇది తొలిమెట్టు అని కరపత్రాలు కూడా అచ్చయ్యాయి. అందరూ ఆట వైపు వేలు చూపుతుంటే, బిడ్డ గుండెలోని బాధను చూసేవారెవరు?

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తుందని మనం చిన్ననాడే నేర్చుకున్నాం. తగిన ఆధారం లేకుండా పొరుగువానిలో తప్పు ఉన్నదని నమ్మడం కూడా ఈ ఆజ్ఞను మీరడమేనని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తుంది. మన బిడ్డ కూడా మనకు పొరుగువాడే కదా!

ఇక ఊహలో మరొకరుగా ఉండడం శ్రీసభకు కొత్తదా? పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు తమ ఆధ్యాత్మిక సాధనలలో, బెత్లెహేము గుహలో ఒక చిన్న సేవకునిగా నిలబడి తిరుకుటుంబానికి పరిచర్య చేస్తున్నట్లు ఊహించుకొమ్మంటారు. పవిత్ర శుక్రవారం పాటుల చరిత్ర చదివేటప్పుడు, క్రీస్తునాథుని సిలువ వేయమని అరిచిన గుంపు మాటలను మన నోటితోనే పలుకుతాం. ఆ గుంపులో మన గొంతూ ఉందని గుర్తించడానికే గదా!

అయితే ఒక భేదం మరువరాదు. హేరోదు వేషగాడు రాసిచ్చిన మాటలు పలుకుతాడు. ఈ ఆటలో ఏం చేయాలో ఆటగాడే ఎంచుకుంటాడు. అందుచేత పాత్ర మాటున స్నేహితుని హేళన చేసి, "అన్నది నేను కాదు, నా పాత్ర" అని తప్పించుకుంటే చెల్లదు. గాయపడినవాడు నిజమైన మనిషి. అలాగే నిద్ర, చదువు, ఆదివారపు దివ్యబలిపూజ ఆటకు ఆహుతి అయితే అది వినోదం కాదు, బానిసత్వం. వినోదం అవసరమే, కాని దానికి మితం ఉండాలన్న పునీత తోమా అక్వినాసు వారి బోధ ఇక్కడ మనకు కొలబద్ద. వేషం తీసి ఇంటికి వచ్చినవాడు వెళ్లినప్పటికంటె దయగలవాడై వచ్చాడా అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఈ ఆట అభిమానుల నుంచి మనం నేర్చుకోదగినదీ ఒకటుంది. 1968లో గైగాక్స్ తన ఊరు లేక్ జెనీవాలో బల్లమీది యుద్ధక్రీడల అభిమానుల కోసం ప్రారంభించిన 'జెన్ కాన్' కూటమికి 2023లో 70 వేల మందికి పైగా వచ్చారు. అంతమందిని లాగేది పాచికలేనా? ఆ బల్ల దగ్గర ప్రతివానికీ ఒక చోటుంది. ఒకడు రాకపోతే కథలో లోటు తెలుస్తుంది. "ఈ వారం నువ్వు లేవేం?" అని అడిగేవారుంటారు.

మన విచారణలో మూడు ఆదివారాలు కనబడని యువకుణ్ణి అలా అడిగేవారెందరు? హాస్టలు గదిలో ఒంటరిగా ఉన్న బిడ్డకు, నీ చోటు ఇక్కడ ఖాళీగా ఉందని మనం ఎన్నిసార్లు చెప్పాం? ప్రభువు బల్ల చుట్టూ చేరేవారం మనం ఆ మాట ముందుగా చెప్పవలసినవారం కామా?

కనుక తల్లిదండ్రులారా, పాచికలు కనబడితే పారవేయకండి. పక్కన కూర్చోండి. "నీ పాత్ర ఎవరు బాబూ? నిన్న ఆపదలో ఎవరిని కాపాడింది? ఎవరిని విడిచిపెట్టింది? ఎందుకు?" అని అడగండి. ఆ జవాబులో మీ బిడ్డ హృదయం కొంత తెరుచుకోవచ్చు. తప్పు ఉంటే అప్పుడు దిద్దండి. బాధ ఉంటే అప్పుడే ఓదార్చండి.