పేరు పెట్టని బిడ్డ



ఊపిరి తీయకుండానే పోయిన బిడ్డకు పేరెందుకు, ప్రార్థన ఎందుకు అనే మాట మీరూ వినే ఉంటారు. కతోలిక దేశంగా పేరుపొందిన ఐర్లండు ఈ ప్రశ్నను చాలాకాలం మోసింది.

అక్కడి పల్లెల్లో 'కిల్లీన్' అనే చిన్న స్థలాలు నేటికీ వందలుగా ఉన్నాయి. జ్ఞానస్నానం పొందక మరణించిన పసికందులకు ఆశీర్వదించిన సమాధుల తోటలో చోటుండేది కాదు. చీకటి పడ్డాక తండ్రి చిన్న పెట్టెను మోసుకెళ్ళి ఆ స్థలంలో పూడ్చి వచ్చేవాడు. తల్లి ఇంట్లోనే ఏడ్చేది. గుర్తుకు ఒక రాయి, పేరు ఉండదు. 20వ శతాబ్దం మధ్య వరకు ఈ ఆచారం సాగింది. జ్ఞానస్నానపు అవసరాన్ని గట్టిగా పట్టుకున్న విశ్వాసులు దేవుని కరుణను మాత్రం చిన్నదిగా చూశారు.

తర్వాత వైద్యం మెరుగైంది. 1970ల తొలినాళ్ళలో వెయ్యి జననాలకు ఇరవైమందికి పైగా బిడ్డలు కడుపులోనో, పుట్టిన మొదటి వారంలోనో పోయేవారు. ఇటీవలి ఏళ్ళలో అది ఆరు దరిదాపులకు వచ్చి, తగ్గడం మందగించింది. మిగిలిన మరణాల్లో పెద్ద భాగం పుట్టుకతోనే ఉండే తీవ్ర లోపాలవల్ల. వాటిలో చాలావాటిని ఏ వైద్యుడూ ఆపలేడు. మాయ సరిగా పనిచేయకపోవడం, నెలలు నిండకపోవడం వంటి కారణాల్లో కొన్నింటిని మాత్రం తల్లి పొగకు దూరంగా ఉండడం, బిడ్డ ఎదుగుదలను శ్రద్ధగా గమనించడం వల్ల నివారించవచ్చు. ఏది ఆపగలమో తెలియాలంటే పోయిన ప్రతి బిడ్డనూ లెక్కించాలి. లెక్కించడమంటే ఆ బిడ్డ ఉన్నాడని ఒప్పుకోవడమే.

1994లో చేసిన చట్టంతో, 1995 జనవరి 1 నుండి మృతశిశువుల జననాలను ఐర్లండు ప్రభుత్వం నమోదు చేస్తోంది. అంతకు ముందెన్నడో పోయిన బిడ్డల పేర్లనూ తల్లిదండ్రులు రాయించుకోవచ్చు.

శ్రీసభ కూడా మాట్లాడింది. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు కోరుకున్న బిడ్డ ముందే మరణిస్తే, పీఠాధిపతి అనుమతితో అంత్యక్రియలు జరపవచ్చని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతోంది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం అట్టి బిడ్డలను దేవుని కరుణకు అప్పగించింది. వారి రక్షణను నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం తెలిపింది. ఇది రూఢి కాదు, నిరీక్షణ. కాని చిన్నబిడ్డలను దగ్గరకు తీసుకున్న ప్రభువు మీద నిలిచిన నిరీక్షణ.

మీ విచారణలో అటువంటి తల్లి ఉంటే, "మళ్ళీ కడుపు పండుతుందిలే" అనకండి. పోయిన బిడ్డ స్థానంలోకి వేరొక బిడ్డ రాడు. ఏం పేరు అనుకున్నారో అడగండి. వచ్చే సమాధుల పండుగనాడు ఆ పేరుతో ఒక కొవ్వొత్తి వెలిగించండి.